ఓడలోని గుండ్రటి కిటికీ ఏమైపోయింది?

చార్మినార్ దగ్గర నిలబడి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం కనపడాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. అయినా పాతబస్తీలో ఓడ ప్రయాణం కొత్త సంగతి కాదు. విమానం అందరికీ అందుబాటులోకి రాకముందు ఇక్కడి హాజీలు రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ జెడ్డా ఓడ పట్టుకునేవారు. మక్కాలో హైదరాబాద్ సంస్థానం యాత్రికుల కోసం నిజాం రుబాత్ అనే వసతి గృహం ఉండేది కాబట్టి బస గురించి దిగులు లేదు. దిగులంతా నీళ్ల మీద గడిపే రోజుల గురించే. సుమారు 2,300 నాటికల్ మైళ్ల దారి. పాతకాలపు ఓడలకు అది 12 నుంచి 15 రోజుల ప్రయాణం. 1877లో బొంబాయిలో పుట్టి తర్వాత మొఘల్ లైన్‌గా పేరుబడిన కంపెనీ ఓడలు తరాల తరబడి యాత్రికులను మోశాయి. 1995లో ‘ఎం.వి. అక్బరీ’తో ఆ సముద్ర మార్గం ఆగిపోయింది.

ఆ ఓడల్లో టికెట్టు ధరను బట్టి గాలీ వెలుతురూ దక్కేవి. డబ్బున్నవాళ్లకు క్యాబిన్, క్యాబిన్ గోడకు గుండ్రటి కిటికీ. మిగతా వందల మందికి డెక్కు మీద చాప పరుచుకునే చోటు, లేదంటే కింద హాల్లో వరుసగా బిగించిన బంకులు. ఆ గుండ్రటి కిటికీ, అంటే పోర్ట్‌హోల్, ఇవాళ్టి విహార నౌకల్లో వేగంగా తగ్గిపోతోంది. దాని చుట్టూ ఉన్న చరిత్ర చాలా గొప్పది.

* * *

ముందు ఆ కిటికీని దగ్గరగా చూద్దాం. బరువైన ఇత్తడి చట్రం, అందులో వేలెడు మందం గాజు. ఒక పక్క బందు, ఇంకో పక్క చేత్తో తిప్పి బిగించే రెండు మూడు మరలు. చట్రానికీ గాజు తలుపుకీ మధ్య నీరు చొరకుండా రబ్బరు పట్టీ. గాజుకు లోపలి వైపు ఇనుప మూత ఒకటి వేలాడుతుంటుంది. సముద్రం పొంగితే సిబ్బంది గది గదికీ తిరిగి ఆ మూతలు దించి బిగించేవారు. అప్పటిదాకా పగలున్న గదిలో ఒక్కసారిగా రాత్రయ్యేది. అల గాజును పగలగొట్టినా నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ ఇనుప మూతే.

పాతబస్తీ పాత ఇళ్లలో పైకప్పుకు దగ్గరగా రోషన్‌దాన్ ఉంటుంది కదా, ఓడ గదికి ఈ కిటికీ అలాంటిదే. చిన్నదే అయినా గది ఊపిరంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

* * *

గుండ్రంగానే ఎందుకు? అందం కోసం కాదు. ఓడ అలల మీద నిత్యం వంగుతూ, సాగుతూ ఉంటుంది. ఇనుప రేకుకు నలుచదరపు రంధ్రం పెడితే ఆ ఒత్తిడంతా మూలల దగ్గర పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. వృత్తానికి మూలలుండవు కాబట్టి ఒత్తిడి చుట్టూ సర్దుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడలు సుమారు 2,700. వాటిలో కొన్నింటికి చలి సముద్రాల్లో పగుళ్లు వచ్చాయి. చాలా పగుళ్లు సరుకు దించే తలుపుల నలుచదరపు మూలల దగ్గరే మొదలయ్యాయి. ఉక్కు పెళుసుదనమూ దానికి తోడైంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే ముక్కలైనప్పుడు, రేకుకు పెట్టిన రంధ్రాల మూలల దగ్గర లోహం అలిసిపోయిందని విచారణలో తేలింది. విమానం కిటికీ మూలలు ఇప్పుడు అంత నునుపుగా వంపు తిరిగి ఉండడం ఆ పాఠం ఫలితమే. ఓడలు కట్టేవాళ్లకు ఈ సంగతి చాలా ముందే తెలుసు.

* * *

సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ గుమిగూడే పాలరాతి ‘ముసుగు రెబెక్కా’ను చూసే ఉంటారు. హైదరాబాద్ సంస్థానం దీవాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా యాత్రకు వెళ్లినప్పుడు రోములో కొన్న శిల్పం అది. చెక్కినవాడు బెంజోని. ఆ యాత్ర నాటికి సూయజ్ కాలువ తెరిచి ఏడేళ్లే. ఓడల్లో కరెంటు దీపాలు ఇంకా రాలేదు. ఎడిసన్ దీపాలు మొదటిసారి వెలిగిన ఓడ ‘కొలంబియా’, అదీ 1880లో. అంటే మన దీవాన్‌గారి కాలంలో పగలు క్యాబిన్‌లో ఉత్తరం రాసుకోవాలంటే గుండ్రటి కిటికీ వెలుతురే దిక్కు. రాత్రికి నూనె దీపమో కొవ్వొత్తో. నిప్పు భయంతో దాన్నీ ఫలానా వేళకు ఆర్పేయమనేవారు.

* * *

వెలుతురు కన్నా గాలి ముఖ్యం. సూయజ్ దాటి ఎర్ర సముద్రంలోకి వస్తే క్యాబిన్ పొయ్యిలా కాలేది. ప్రయాణికులు కిటికీలోంచి రేకు చేట లాంటిదొకటి బయటికి నెట్టి పెట్టేవారు. ఓడ ముందుకు పోతుంటే ఎదురుగాలి ఆ చేటకు తగిలి గదిలోకి మళ్లేది. ఒక్కోసారి గాలితో పాటు అల కూడా వచ్చి పరుపు తడిసిపోయేది. తర్వాత గ్లాస్గోలోని థర్మోట్యాంక్ కంపెనీ గొట్టాల ద్వారా గాలి పంపే పద్ధతి తెచ్చింది. గది కప్పుకు గుండ్రటి బంతిలాంటి ముక్కు, ఎటు తిప్పితే అటు గాలి కొడుతుంది. దానికి ‘పంకా లూవర్’ అని పేరు పెట్టారు. విమానంలో కూర్చున్నప్పుడు మన నెత్తి మీద తిరిగే గాలి ముక్కు దాని వారసురాలే.

ఈ కిటికీ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి రంగూన్ దారిలో పుట్టింది. లివర్‌పూల్ నుంచి రంగూన్‌కు బిబ్బీ లైన్ ఓడలు నడిచేవి. కోస్తా తెలుగువాళ్లు వేల సంఖ్యలో కూలికి, రేవు పనికి చేరిన ఊరే ఆ రంగూన్. ఓడ గోడను ఆనుకుని ఉండే గదులు కొన్నే, లోపలి గదులకు కిటికీ రాదు. బిబ్బీ వాళ్లు ఏం చేశారంటే, లోపలి గదిని ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరం ఆకారంలో కట్టారు. గదిలోంచి ఒక సన్నటి సందు గోడ దాకా పోతుంది, ఆ సందు చివర ఒక గుండ్రటి కిటికీ. మంచం చీకట్లోనే ఉన్నా లేచి నాలుగడుగులు వేస్తే సముద్రం. ఆ నమూనాకు ‘బిబ్బీ క్యాబిన్’ అనే పేరే స్థిరపడింది. ఎవరికీ కిటికీ లేకుండా చేయకూడదని ఒక ఓడ కంపెనీ అంత శ్రమపడిన రోజులవి.

ఆ దయ మొదటి, రెండో తరగతుల దాకానే. మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు అర్ధ శతాబ్దం పాటు తిరిగిన ‘రజూలా’ 1926లో గ్లాస్గోలో పుట్టింది. తొలినాళ్లలో దానికి ఐదు వేలకు పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించే అనుమతి ఉండేది. మలయా తోటలకు పోయిన తెలుగు కూలీలు ఎందరో ఆ డెక్కు మీదే వెళ్లారు. అంతకుముందు 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు 342 మందిని తీసుకెళ్లిన ‘ట్రూరో’లోనూ మనవాళ్లున్నారు. వీళ్ల వలస గురించి రాసిన పుస్తకాల్లో కూలి లెక్కలుంటాయి, జబ్బుల లెక్కలుంటాయి. ఆ వారాలన్నీ వాళ్లకు గాలి ఎలా ఆడిందో రాసినవాళ్లు తక్కువ. రాయాలి.

డెక్కునే కోరుకున్నవాళ్లూ ఉన్నారు. 1931 ఆగస్టు 29న బొంబాయి నుంచి బయల్దేరిన ‘రాజపుతానా’ ఓడలో గాంధీజీతో పాటు మన హైదరాబాద్ సరోజినీ నాయుడు కూడా రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు. గాంధీజీది రెండో తరగతి టికెట్టు. ఆయన మాత్రం కాలమంతా డెక్కు మీదే గడిపి, అక్కడే పడుకున్నారు.

* * *

గాలి కోసం తెరిచిన కిటికీయే ఓడ మునకను తొందరపెట్టిన సందర్భాలున్నాయి. 1914 మే 29న కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో ‘ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్’ను మరో ఓడ ఢీకొట్టింది. ఓడ పక్కకు ఒరగగానే కింది అంతస్తుల్లో తెరిచి ఉన్న పోర్ట్‌హోల్స్‌లోంచి నీళ్లు దూకాయి. 14 నిమిషాల్లో మునిగింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. రెండేళ్ల తర్వాత, 1916 నవంబర్ 21న, టైటానిక్ చెల్లెలు ‘బ్రిటానిక్’ ఏజియన్ సముద్రంలో మందుపాతర తగిలి మునిగింది. అప్పుడది ఆస్పత్రి ఓడ. వార్డులకు గాలి ఆడాలని నర్సులు కింది కిటికీలు తెరిచి పెట్టారు. టైటానిక్ రెండు గంటల నలభై నిమిషాలు నిలిస్తే, ఇది 55 నిమిషాల్లో పోయింది. అదృష్టం బాగుండి వెయ్యి మందికి పైగా బతికారు, 30 మంది పోయారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళాలు తమ ఓడల గుండ్రటి కిటికీలను చాలా వరకు ఇనుప పలకలతో మూయించాయి. వెలుతురు బయటికి పొక్కకూడదు, గోడకు రంధ్రం ఉండకూడదు.

తర్వాత అంతర్జాతీయ నిబంధనలు బిగిశాయి. నీటిమట్టానికి దగ్గరగా ఉన్న కిటికీలు తెరుచుకునే వీల్లేకుండా ఉండాలన్నారు. ఏసీ వచ్చాక తెరవాల్సిన అవసరమూ పోయింది. నా లెక్కలో పోర్ట్‌హోల్ పతనం మొదలైంది ఇక్కడే. గాలి ఇవ్వని కిటికీకి మిగిలింది చూపు ఒక్కటే. చూపే కావాలనుకుంటే ఎవరైనా చిన్న కిటికీ ఎందుకు అడుగుతారు, పెద్దదే అడుగుతారు.

* * *

గదికి సొంత బాల్కనీ అనే ఊహ కొత్తది కాదు. ఇటలీ వాళ్ల ‘సతూర్నియా’ (1927), ‘వుల్కానియా’ (1928) ఓడల్లో ఖరీదైన గదులకు అప్పుడే బాల్కనీలున్నాయి. అసలు మలుపు 1984లో వచ్చిన ‘రాయల్ ప్రిన్సెస్’. ఫిన్లాండ్‌లో కట్టారు, యువరాణి డయానా చేత నామకరణం చేయించారు. అందులోని 600 గదుల్లో లోపలి గది ఒక్కటీ లేదు. అన్నీ సముద్రం వైపే, వాటిలో కొన్ని గదులకు బాల్కనీలు. బాల్కనీ గదికి జనం ఎక్కువ డబ్బు ఇస్తారని కంపెనీలకు అర్థమయ్యాక వెనక్కి తిరిగి చూడలేదు. లైఫ్‌బోట్లను కిందికి దించి, పైన అంతస్తు మీద అంతస్తు బాల్కనీలు పేర్చారు. గదులను ఫ్యాక్టరీలో పెట్టెల్లా తయారుచేసి ఓడలోకి జరిపే పద్ధతి దానికి కలిసొచ్చింది. పోర్ట్‌హోల్ ఓడ పొట్ట భాగానికి దిగిపోయింది. ఒకప్పుడు హోదాకు గుర్తయిన కిటికీ ఇప్పుడు ఎక్కువగా కింది అంతస్తుల చౌక గదులకు, సిబ్బంది గదులకు మిగిలింది.

పాత ఓడలను రేవు నుంచి తరిమింది ఇంకో నిబంధన. 2010 అక్టోబర్ నుంచి ప్రయాణికుల ఓడల్లో మండే స్వభావమున్న నిర్మాణ సామగ్రి కూడదన్నారు. చెక్క పలకలతో అలంకరించిన పాత లైనర్లు మార్పుల ఖర్చు తట్టుకోలేక ఒక్కొక్కటే పోయాయి. చాలా ఓడలకు చివరి మజిలీ మన గుజరాత్‌లోని అలంగ్ తీరం. 1962 నాటి ‘ఫ్రాన్స్’ అంతటి ఓడను విడగొట్టింది అక్కడే. 2019లో ముంబై నుంచి విహారాలు మొదలుపెట్టిన ‘కర్ణిక’ 1990లో కట్టింది. కోవిడ్ దెబ్బకు 2020లోనే అలంగ్ చేరింది. ఓడ విరిగాక ఇత్తడి పోర్ట్‌హోల్స్ అక్కడి రోడ్డు పక్క దుకాణాలకు వస్తాయి. గాజు తీసి అద్దం బిగిస్తే అవి డ్రాయింగ్ రూమ్ గోడకు ఎక్కుతాయి.

ఇక విచిత్రం చూడండి. 2011లో వచ్చిన ‘డిస్నీ డ్రీమ్’లో కిటికీ లేని లోపలి గదులకు గోడ మీద గుండ్రటి తెర పెట్టారు. బయటి కెమెరా పట్టిన సముద్రం అందులో కనిపిస్తుంది, మధ్యమధ్య కార్టూన్ బొమ్మలు ఈదుకుంటూ పోతాయి. 2014 నాటి ‘క్వాంటమ్ ఆఫ్ ద సీస్’లో నేల నుంచి కప్పు దాకా తెర, దాని పేరు వర్చువల్ బాల్కనీ. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ గాజుకు తుంపర కొట్టి ఉప్పు మరక కట్టే అసలు కిటికీకి తెర సమానం కాదు.

* * *

అలాంటి అసలు కిటికీని మన దగ్గర చూడాలంటే విశాఖ ఉంది. 2022 జూన్‌లో ‘కార్డీలియా ఎంప్రెస్’ అక్కడి నుంచి విహారానికి బయల్దేరినప్పుడు మంచి సందడి జరిగింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఆ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది, బాల్కనీల వెల్లువకు ముందుది. అందుకే అందులో బాల్కనీ లేని గదులే ఎక్కువ. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టిన ‘స్వరాజ్ ద్వీప్’ లాంటి అండమాన్ ఓడలూ ఉన్నాయి. అవి ఊరు చేర్చడానికి కట్టినవి, విలాసానికి కాదు.

పాతబస్తీలో దుబాయ్‌లో చుట్టాలు లేని ఇల్లు అరుదు. ఈసారి వెళ్తే రషీద్ రేవుకు పోయి ‘క్వీన్ ఎలిజబెత్ 2’ను చూసి రండి. 1969లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఆ లైనర్ 2018 నుంచి కదలని హోటల్‌గా నడుస్తోంది. అసలైన పోర్ట్‌హోల్ ఉన్న గదులు అందులో ఇంకా అద్దెకు దొరుకుతాయి. ఏ ఓడలో గది తీసుకున్నా డబ్బు కట్టే ముందు రెండు మాటలు అడగండి: కిటికీ నిజంది ఉందా, దానికి ఎదురుగా లైఫ్‌బోటు అడ్డం ఉందా?