13 ఏళ్లు ఆగిన పుస్తకం

ముస్లిం ఆడపిల్లల చదువు మొన్నమొన్న మొదలైన విషయమని మనలో చాలామంది అనుకుంటారు. 19వ శతాబ్ది చివరి భాగంలోనే కలం పట్టిన మన స్త్రీలు ఉన్నారు. వారిలో ఇద్దరి గురించి ఈ సంచికలో చెప్పుకుందాం.

మొదటివారు పాట్నాకు చెందిన రషీదున్నిసా. ఇంట్లోనే చదువుకున్నారు. డిప్యూటీ నజీర్ అహ్మద్ ఆడపిల్లల కోసం 1869లో వెలువరించిన 'మిరాతుల్ ఉరూస్' ఆమెకు ప్రేరణ అయింది. ఆ ప్రభావంతో 1881లో 'ఇస్లాహున్నిసా' అనే ఉర్దూ నవల రాశారు. ఆ పేరుకు 'స్త్రీల సంస్కరణ' అని అర్థం. పెళ్లిళ్లలో దండగ ఖర్చులు, మూఢనమ్మకాలు, వాటివల్ల కుటుంబాలు అప్పులపాలు కావడం, చదువు వచ్చిన ఆడపిల్ల ఇంటిని చక్కదిద్దడం ఇందులోని విషయాలు. ఉర్దూలో ఒక స్త్రీ రాసిన తొలి నవలగా దీన్ని పరిగణిస్తారు.

అయితే ఆ నవల అచ్చయింది 1894లో! కుమారుడు ఇంగ్లండులో బారిస్టరు చదివి తిరిగివచ్చి, పూనుకుని అచ్చువేయించేదాకా 13 ఏళ్లు రాతప్రతిగానే ఉండిపోయింది. అప్పుడు కూడా పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఫలానావారి కూతురు, ఫలానావారి చెల్లెలు, బారిస్టర్ సులేమాన్ తల్లి అని మాత్రమే వేశారు. అయినా ఆమె అక్కడితో ఆగలేదు. 1906లో పాట్నాలో బాలికల కోసం బడి తెరిచారు.

రెండోవారు నేటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లా ప్రాంత జమీందారు ఫైజున్నిసా చౌధురాణి. ఆమె రాసిన 'రూప్‌జలాల్' 1876లో ఢాకాలో అచ్చయింది. అంతకు మూడేళ్ల ముందే, 1873లో, ఆమె కొమిల్లాలో బాలికల పాఠశాల స్థాపించారు. 1893లో స్త్రీలకు ఆసుపత్రి కట్టించారు. 1889లో ఆమెకు 'నవాబ్' బిరుదు లభించింది. తన ఆస్తిని ప్రజాహితం కోసం వక్ఫ్ చేశారు.

ఇద్దరికీ ప్రతిభ ఉంది. ఒకరి చేతిలో సొంత ఆస్తి ఉంది కాబట్టి పుస్తకం, బడి, ఆసుపత్రి వచ్చాయి. మరొకరు కొడుకు చేతికి అందేదాకా కాచుకోవలసి వచ్చింది. అలాంటి కొడుకు లేని తల్లుల రాతలు ఎన్ని అచ్చుకు నోచుకోకుండా పోయాయో అల్లాహ్‌కే ఎరుక.

మన హైదరాబాద్‌లో కూడా ఆ రోజుల్లోనే మౌల్వీ ముహిబ్బె హుసేన్ స్త్రీల కోసం 'ముఅల్లిమె నిస్వాన్' అనే ఉర్దూ పత్రిక నడిపారు. రాసేవారికి, చదివేవారికి మధ్య ఎవరో ఒకరు పూనుకుని ఖర్చు భరిస్తేనే ఇవన్నీ సాధ్యమయ్యాయి.

దాతలకు మా మనవి ఇదే. ఒక ఆడపిల్ల ఫీజు కట్టడం, పుస్తకాలు కొనివ్వడం ఆ ఏడాదితో తీరిపోయే ఖర్చు కాదు. ఆమె నేర్చుకున్నది ఆమె పిల్లలకు, వారి ద్వారా మరికొందరికి చేరుతూ ఉంటుంది. మరణానంతరం కూడా పుణ్యం అందించే సదఖయె జారియా అంటే ఇదే కదా! మన పేటల్లో చదవగలిగిన ఏ అమ్మాయీ డబ్బు లేక 13 ఏళ్లు ఎదురుచూడకుండా మనం చూసుకుందాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.