గోడ ఎక్కే ముందు... బోర్డు చదవండి!

నగరాల్లో ఇండోర్ క్లైంబింగ్ జిమ్‌లు పిల్లల్ని బాగా ఆకట్టుకుంటున్నాయి. సెలవులకు హైదరాబాదో, బెంగళూరో వెళ్లిన మన పిల్లలూ గోడెక్కుతామని మారాం చేస్తున్నారు. నిరభ్యంతరంగా ఎక్కనివ్వచ్చు. కాకపోతే టికెట్టు కొనే ముందు అక్కడ సిబ్బందికి, సందర్శకులకు ఏయే నిబంధనలు ఉన్నాయో, అవి అమలవుతున్నాయో లేదో చూసుకోవాలి.

కోనసీమ వాళ్లకు ఎత్తు కొత్తేమీ కాదు. దింపు తీసే రోజున పిల్లలు తోటలోకి రాకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఓ కన్నేసి ఉంచుతారు. చెట్టు మీద మనిషి ఉండగా కింద ఎవరూ నిలబడకూడదన్నది అమలాపురం నుంచి రాజోలు దాకా ఎక్కడా రాసిపెట్టని నియమం. క్లైంబింగ్ జిమ్‌లో బోర్డు మీద రాసి ఉండే ముఖ్యమైన నియమాల్లోనూ ఇదొకటి. ఎక్కేవాళ్ల క్షేమం చాలావరకు కింద ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

ఇది ఇప్పుడు ఒలింపిక్ క్రీడ కూడా. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో స్పోర్ట్ క్లైంబింగ్ రంగప్రవేశం చేసింది. ఆ పోటీల్లో స్పీడ్ గోడ ఎత్తు 15 మీటర్లు, అంటే సుమారు 49 అడుగులు. మన తోటల్లో బాగా ఎదిగిన దేశవాళీ కొబ్బరి చెట్టు అంతకంటే పొడుగే ఉంటుంది. మన తెలుగు పిల్లలూ ఇందులో తక్కువేం కాదు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే.

గోడ ఎక్కితే చేతులు, భుజాలు, పొట్ట, కాళ్లు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. తర్వాత కాలు ఎక్కడ పెట్టాలో ఆలోచించడం వల్ల ఏకాగ్రత, నిలకడ అలవడతాయి. ఫోను వదలని పిల్లల్ని కదిలించడానికి మంచి ఆటే.

గోడలు రెండు రకాలు

ఒకటి తాడు గోడ. పిల్లలకు నడుముకి, తొడలకి హార్నెస్ అనే పట్టీ కడతారు. దానికి తగిలించిన తాడు పై నుంచి తిరిగి కిందికి వస్తుంది. కింద ఆ తాడు పట్టుకుని నిలబడే వ్యక్తిని బిలేయర్ అంటారు. పిల్లాడు పట్టు తప్పితే ఆపేది అతనే. కొన్నిచోట్ల మనిషికి బదులు ఆటో బిలే అనే యంత్రం ఉంటుంది.

రెండోది బౌల్డరింగ్ గోడ. ఎత్తు తక్కువ, తాడు ఉండదు, కింద మందపాటి పరుపులుంటాయి. ఎత్తు తక్కువ కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ జారిన ప్రతిసారీ నేల మీదికే పడతారు. అందుకే మడమ, మోకాలు, మోచేయి దెబ్బలు ఎక్కువగా కనిపిస్తాయి.

సిబ్బంది: ఈ ఏడు చూడండి

లోపలికి వెళ్లగానే టికెట్టు కొనకుండా ఓ పది నిమిషాలు కూర్చుని గమనించండి. జిమ్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

1. బిలేయర్ కళ్లు ఎక్కేవాళ్ల మీదే ఉన్నాయా? తాడు పట్టుకుని ఫోను చూస్తున్నా, పక్కవాళ్లతో కబుర్లాడుతున్నా అక్కడ ఎక్కించొద్దు.

2. ఎక్కే ప్రతిసారీ సరిచూస్తున్నారా? హార్నెస్ బకిల్, తాడు ముడి, తాడు ఆపే పరికరం, కారబైనర్ తాళం... ఈ నాలుగూ ప్రతి ఒక్కరికీ, ప్రతిసారీ చూడాలి. ఇందాకే చూశాం కదా అనకూడదు.

3. ఆటో బిలే ఉన్నచోట తాడు తగిలించారో లేదో ఎవరు చూస్తున్నారు? ఈ యంత్రాల దగ్గర జరిగే ఘోర ప్రమాదాలకు ప్రధాన కారణం యంత్రం చెడిపోవడం కాదు, క్లిప్పు తగిలించుకోవడం మరచిపోవడం. అందుకే మంచి జిమ్‌లలో గోడ మొదట్లో అడ్డుగా ఓ గుడ్డ తెర కడతారు. క్లిప్పు తీస్తేనే దారి తెరుచుకుంటుంది.

4. తాళ్లు, హార్నెస్‌లు, గోడకు బిగించిన పట్టులు తనిఖీ చేసినట్టు రిజిస్టర్ ఉందా? ఆటో బిలేను తయారీదారు చెప్పిన గడువు ప్రకారం సర్వీసు చేయించారా? అడగడానికి మొహమాటపడకండి. చూపించడానికి ఇబ్బంది పడుతున్నారంటే ఆలోచించాల్సిందే.

5. బిలేయర్, ఎక్కేవాళ్ల బరువుల తేడా చూస్తున్నారా? సన్నగా ఉన్న అమ్మాయి చేతికి తాడిచ్చి, భారీ మనిషిని ఎక్కిస్తే ఆయన జారినప్పుడు ఆమె గాల్లోకి లేస్తుంది.

6. ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఆ షిఫ్టులో ఉన్నారా? పెట్టె ఎక్కడుంది? ఆదివారం రద్దీలో ఒక్కరే నలుగురిని చూసుకుంటున్నారా? గంటల తరబడి విశ్రాంతి లేకుండా తాడు పట్టిన మనిషికి చూపు చెదురుతుంది.

7. పిల్లలకు పట్టీలు కట్టేటప్పుడు చెప్పి, అడిగి, మీ ఎదురుగానే కడుతున్నారా? బకిళ్లు తొడల దగ్గర, నడుము దగ్గర ఉంటాయి కాబట్టి ఇదీ భద్రతలో భాగమే. ఆడపిల్లలకు మహిళా సిబ్బంది ఉన్నారేమో అడగండి.

సందర్శకులు: మన వంతు

నిబంధనలు వాళ్లకేనా, మనకు లేవా? ఉన్నాయి. చాలాచోట్ల వాటిని పాటించనిది తల్లిదండ్రులే.

గోడ కింద, పరుపుల మీద కూర్చోవద్దు. ఫొటో కోసం గోడ కిందికి వెళ్లొద్దు. పైనుంచి జారిన మనిషి మీద పడితే ఇద్దరికీ ప్రమాదం. చిన్నపిల్లల్ని పరుపుల మీద ఆడుకోనివ్వద్దు.

కింద నుంచి ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని కేకలేయొద్దు. బిలేయర్ మాట పిల్లలకు వినిపించాలి. పిల్లాడు భయపడి దిగిపోతానంటే దించేయాలి. పక్కింటి పిల్లాడితో పోటీ పెట్టడానికి ఇది స్థలం కాదు.

ఉంగరాలు, గాజులు, గొలుసులు, మెట్టెలు, వేలాడే దిద్దులు తీసేయాలి. ఉంగరం పట్టుకి తట్టుకుని మనిషి కిందికి జారితే వేలి చర్మం మొత్తం ఊడి వచ్చే ప్రమాదముంది. పొడవాటి జుట్టును బిగించి ముడేయాలి. చున్నీ తీసేయాలి. జేబుల్లో ఫోను, తాళాలు ఉండకూడదు.

మద్యం తాగినవాళ్లను, నిద్రమత్తు కలిగించే మందులు వేసుకున్నవాళ్లను ఎక్కనివ్వరు. సిబ్బంది వద్దంటే గొడవ పెట్టుకోవద్దు. వద్దని చెప్పే సిబ్బంది ఉండటం ఆ జిమ్‌కు మంచి లక్షణం.

పడటం కూడా నేర్చుకోవాలి

బౌల్డరింగ్‌లో మొదటి పాఠం ఎక్కడం కాదు, పడటం. రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి. మోకాళ్లు వంచాలి. అలాగే వెనక్కి దొర్లిపోవాలి. చేతులు వెనక్కి చాపి ఆపుకోవాలని చూస్తే మణికట్టు, మోచేయి విరుగుతాయి. పైనుంచి దూకకుండా, వీలైనంతవరకు మెల్లగా దిగడం అలవాటు చేయాలి. ఇది నేర్పకుండా పిల్లల్ని నేరుగా గోడ మీదికి పంపే చోట జాగ్రత్త.

ఎదిగే పిల్లల విషయంలో మరో సంగతి. ఎముకల చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్లు ఆ వయసులో సున్నితంగా ఉంటాయి. కేవలం వేళ్ల మీద వేలాడే కఠినమైన సాధన చేయిస్తే అవి చిట్లవచ్చు. వేలి మధ్య కణుపు దగ్గర నొప్పి ఉందని పిల్లాడు చెబితే ‘అలవాటైతే పోతుంది’ అని సర్దిచెప్పొద్దు. ఆట ఆపించి ఎముకల డాక్టరుకు చూపించాలి.

ముందుగా డాక్టరును అడగాల్సినవాళ్లు

మూర్ఛ, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, కళ్లు తిరిగే సమస్య, తరచూ భుజం జారడం, ఎముకలు గుల్లబారడం ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ లేదా ఫ్రాక్చర్ అయినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఎక్కకూడదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్, ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే గ్లూకోజ్ దగ్గర ఉంచుకోవాలి. ఆ సంగతి సిబ్బందికి ముందే చెప్పాలి.

పడితే ఏం చేయాలి?

ఎత్తు నుంచి పడ్డవాళ్లను వెంటనే లేపి కూర్చోబెట్టడం, భుజాన వేసుకుని ఆటో ఎక్కించడం మనకు అలవాటు. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ కదలికే కాళ్లూ చేతులూ పడిపోవడానికి కారణం కావచ్చు. పడ్డవాళ్లను అలాగే పడుకోబెట్టి, తల, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. నోట్లో నీళ్లు పోయొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టాలి. శ్వాస లేకపోతే తెలిసినవాళ్లు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, చూపు మసకబారడం, తికమక మాటలు కనిపిస్తే ఆసుపత్రికే. మడమ బెణికితే ఐసు గుడ్డలో చుట్టి పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. నూనె రాసి తోమడం, లాగించి నాటు కట్టు వేయించడం వద్దు. ముందు ఎక్స్‌రే తీయించండి.

సంతకం పెట్టే ముందు

ఏం జరిగినా బాధ్యత మాది కాదంటూ ఓ కాగితం ఇస్తారు. చదవకుండా సంతకం చేయొద్దు. ఆరోగ్య సమస్యల వివరాలు దాచకుండా రాయండి. అయితే సంతకం పెట్టినంత మాత్రాన నిర్వాహకుల నిర్లక్ష్యం చెల్లిపోదు. సేవలో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మరి మన తోటల్లో?

ముప్పై అడుగుల గోడకు ఇన్ని జాగ్రత్తలు అడిగే మనం, అరవై అడుగుల చెట్టెక్కే దింపు కార్మికుడి విషయంలో ఏం అడుగుతున్నాం? పిల్లాడు జారితే పరుపు ఉంది, తాడు ఉంది, పట్టుకునే మనిషి ఉన్నాడు. దింపు తీసే మనిషికి చాలాసార్లు తన పట్టే దిక్కు. పడితే ఆ కుటుంబమంతా పడ్డట్టే.

దారి లేకపోలేదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ పేరుతో 2011 నుంచి యంత్రం సాయంతో చెట్టెక్కడంలో శిక్షణ ఇచ్చింది. చెట్టెక్కేవాళ్ల కోసం ‘కేరా సురక్ష’ ప్రమాద బీమా తెచ్చింది. తెలంగాణలో గీత కార్మికులకు 2024 జులై నుంచి ‘కాటమయ్య రక్షణ కవచం’ సేఫ్టీ కిట్లు ఇస్తున్నారు. తాడు, క్లిప్పులతో కూడిన ఆ కిట్లలో ఉన్నదీ క్లైంబింగ్ గోడ దగ్గరి సూత్రమే. చేయి జారినా మనిషి కింద పడకూడదు.

తోట ఉన్నవాళ్లు కనీసం ఇవి చేయొచ్చు. వాన పడ్డాక మాను తడిగా ఉంటే ఎక్కమని తొందరపెట్టకండి. కరెంటు తీగలు దగ్గరగా ఉన్న చెట్లను ముందే చూపించండి. ఒంట్లో బాగోలేదంటే ఆ రోజుకి దింపు ఆపేయండి. మీ తోటకు వచ్చే కార్మికుడికి బీమా ఉందో లేదో అడగండి. లేకపోతే చేయించడంలో సాయపడండి. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపూ కాస్త దూరంలో ఒకరు చూస్తూ ఉండాలి. వాళ్ల చేతిలో ఫోను ఉండాలి, 108 గుర్తుండాలి.