బేస్ గిటారు పట్టిన వనిత

మన కలిదిండి ప్రాంతపు పెండ్లిమేళములలో నాదస్వరము నూదువారు తరచుగా పురుషులే. ఆ విద్యలో పేరొంది, భర్త మహబూబ్ సుభానీతో గూడ 2020లో పద్మశ్రీ పొందిన కాలీషాబీవంటి స్త్రీలు కొలదిమందియే. పాశ్చాత్యుల రాక్ సంగీతమున బేస్ గిటారు విషయమును చిరకాల మిట్లే యుండెను. 1973లో వెలువడిన "కాన్ ది కాన్" అను పాట ఆ వాద్యమును ఒక యువతి చేతిలో లోకమునకు జూపెను. ఆమె పేరు సూజీ క్వాట్రో.

బేస్ గిటారనగా, సాధారణముగా నాలుగు లావుపాటి తీగెలుగల విద్యుద్వాద్యము. అది మంద్రస్థాయిలో పలుకుచు, డ్రమ్ములతో గలసి లయను నిలుపును. వినువారి చెవి గాయకునిపైననే యుండును గాని, యీ వాద్యము నిలిచినచో పాట నేల విడిచిన సామగును. దీనిని వాయించుచు పాడుట మరియు కష్టము; చేతి నడక యొకటి, నోటి నడక వేరొకటి.

సూజీ 1950లో అమెరికాయందలి డెట్రాయిట్ నగరమున జన్మించెను. 1964లో అక్కచెల్లెండ్రు బాలికల బృందమొకటి కూర్చి, తలకొక వాద్యమును కోరుకొనగా, వెంటనే నోరు విప్పని సూజీకి బేస్ మిగిలెను! సంగీతజ్ఞుడగు తండ్రి తన గిటారునే యామె కిచ్చెను.

1971లో మిక్కీ మోస్ట్ అను నిర్మాత యామెను ఇంగ్లండునకు రప్పించెను. మరుసటియేట వచ్చిన తొలి రికార్డు అచ్చట ఎవరి చెవిని బడలేదు. అప్పుడు నిక్కీ చిన్, మైక్ చాప్‌మన్ అను జంటరచయితలు ఈ పాటను కట్టియిచ్చిరి. ఆనాడచ్చట గ్లామ్ రాక్ కాలము: పురుషులును ముఖమునకు రంగు పూసికొని, తళుకుబట్టలతో, ఎత్తుమడమల జోళ్లతో పాడుచుండిరి. సూజీ తళుకులు మాని, తోలుదుస్తులు ధరించి, భుజమున బేస్ తగిలించుకొని వచ్చెను. వెనుక వాయించిన ముగ్గురును పురుషులే.

ఒకే కొలతగల రెండు డబ్బాలలో నొకదానిని రెండవదానిలో జొప్పింపలేము. అట్టి యసాధ్యకార్యమని పాటపేరున కర్థమట. సాహిత్యము గొప్పదని చెప్పజాలను. ప్రియుని కాపాడుకొమ్మని యొక స్త్రీకి హెచ్చరిక, అంతియే. బలమంతయు సభ చప్పట్లు చరచుటకు వీలైన తాళమందును, తారస్థాయిలో కేకవలె మ్రోగు కంఠమందును గలదు.

1973 జూనులో ఆ పాట బ్రిటనున ఒక వారము ప్రథమస్థానమున నిలిచెను. ఆస్ట్రేలియాలోను, పశ్చిమ జర్మనీలోను ప్రథమస్థానమే దక్కెను. పుట్టినగడ్డ మాత్రము పట్టించుకొనలేదు. 1976లో మరల విడుదల చేసినను అమెరికాలో 56వ స్థానము దాటలేదు. అయినను ఆ దేశపు బాలిక జోన్ జెట్ సూజీని జూచి యుత్సాహము పొంది, 1975లో తోడి బాలికలతో "ది రనవేస్" అను బృందమును నెలకొల్పెను.