బరువు చూసి యురేనియం బేరం వద్దు

రాజంపేట: మంగంపేట ముగ్గురాయిని బరువు, గ్రేడు చూసి బేరమాడటం ఇక్కడి వర్తకులకు అలవాటే. ముగ్గురాయి నీటికంటే సుమారు నాలుగున్నర రెట్లు తూగుతుంది. యురేనియం ఖనిజమైన కాఫినైట్ ఐదు రెట్లు, పిచ్‌బ్లెండ్ అంతకు మించి తూగుతాయి. రెండూ నలుపే. అయితే నల్లని బరువు రాయల్లా యురేనియం కాదు. ఇనుపరాయి కూడా ఐదు రెట్లు తూగుతుంది. చీకట్లో వెలుగుతుందన్న మాట నమ్మరాదు. ఈ రెండు ఖనిజాలూ వెలగవు. ఆచూకీ తెలిపేది గీగర్ కౌంటర్, పాలు తేల్చేది ప్రయోగశాల.

పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో ఈ ఖనిజాలు డోలమైట్ రాతిలో అతి సన్నని రేణువులుగా ఉన్నాయి. టన్ను రాతికి యురేనియం ఆక్సైడు అరకిలో లోపే. సున్నపు జాతి రాయి ఆమ్లాన్ని హరించివేస్తుంది గనుక అక్కడి మిల్లులో సోడా ద్రావణంతో, వేడిమి, ఒత్తిడి మీద తీయవలసి వస్తున్నది. ఒక్క రాయి చేతబట్టి చేసే బేరానికి అర్థం లేదు.

పైగా యురేనియం కేంద్ర ప్రభుత్వ అదుపులోని సరుకు. దేశంలో దీనికి బహిరంగ మార్కెట్టు లేదు. శాంపిలు చూపి అడ్వాన్సు అడిగేవారికి వర్తకులు పైకం ఇవ్వరాదు. ఆ రాయిని కొట్లో ఉంచుకోరాదు.