వినువారికిని రక్షణ వలయును

తెలుగులో సానుభూతి అన్నను, ఉర్దూలో హందర్దీ అన్నను భావ మొక్కటియే: ఇతరుల బాధలో పాలుపంచుకొనుట. ఈ భావమునకు ఆధునిక యుగము కల్పించిన రూపములలో టెలిఫోను సహాయవాణి ఒకటి. 1953లో లండను నగరమున చాద్ వారా అను క్రైస్తవ మతాచార్యుడు నిరాశకు లోనైన వారి కొరకు ప్రారంభించిన సేవ 'సమారిటన్స్' సంస్థగా పెరిగినది. 1970లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున, విద్యార్థులే తోటి విద్యార్థుల కొరకు రాత్రివేళ నడుపు 'నైట్‌లైన్' మొదలైనది. మన దేశమున చెన్నైలో 'స్నేహ' సంస్థ 1986లో స్థాపింపబడినది. కేంద్ర ప్రభుత్వము 2022లో 14416 సంఖ్యతో 'టెలి మానస్' సేవను నెలకొల్పినది.

ఇట్టి సేవలలో ఫోను చేయువారు తమ పేరు చెప్పనక్కరలేదు. సిగ్గుచేతనో భయముచేతనో ఇంటివారికి చెప్పుకొనలేని బాధను అపరిచితునితో చెప్పుకొనుటకు ఈ గోప్యతయే ధైర్యమిచ్చును. కాని ఈ చాటుననే దాగి అసభ్యముగా మాట్లాడువారును, బెదిరించువారును కలరు. అవతల ఫోను పట్టుకొన్నది పద్దెనిమిది, ఇరువది యేండ్ల విద్యార్థిని యైనచో ఆ మాటలు ఆమె మనస్సును ఎంత గాయపరచునో ఊహింపవచ్చును. "సేవకు వచ్చితిని గదా, సహింపవలదా?" అని ఆమె తన్ను తాను నిందించుకొనుట ఇంకను విచారకరము.

ఈ చిక్కు కొత్తది కాదు. సమారిటన్స్ సంస్థలో చాద్ వారా అసభ్య సంభాషణ కోరి ఫోను చేయువారిని సైతము త్రోసివేయరాదని తలచి, ప్రత్యేక శిక్షణ పొందిన కొందరు మహిళలకు ఆ పని అప్పగించెను. 'బ్రెండా' అనునది వారందరికిని ఉమ్మడి మారుపేరు. ఉద్దేశము దయతో కూడినదే. అయినను 1987లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పిరి. సేవ యనగా సేవకుల గౌరవమును బలి యిచ్చుట కాదని దీనినుండి మనము గ్రహింపవలెను.

అయితే తొందరపాటు తగదు. దుఃఖములో నున్నవాడు తన విధిని, లోకమును తిట్టవచ్చును. అది బాధ పలికించు మాట. వినుచున్న వ్యక్తినే గురిచేసి పలుకు దుర్భాష వేరు. అట్లే మౌనముగా నున్నవారందరు ఆకతాయిలు కారు. గొంతు పెగలక యుండవచ్చును. ఈ భేదమును గుర్తించుటయే శిక్షణలో ముఖ్యాంశము.

దుర్భాష అని తేలినపుడు ఏమి చేయవలెను? ప్రశాంతముగా ఒకమారు హెచ్చరించవలెను. మానని యెడల, "ఈ సంభాషణను ముగించుచున్నాను, సహాయము కావలసినపుడు మరల ఫోను చేయవచ్చును" అని చెప్పి పెట్టివేయవలెను. వాదింపరాదు, బదులు తిట్టరాదు. జరిగినది పుస్తకమున వ్రాసి, ఆ రాత్రియే పర్యవేక్షకునితో చెప్పుకొనవలెను. సేవకులు తమ అసలు పేరు, తరగతి, చిరునామా చెప్పరాదు. సొంత ఫోను వాడరాదు. రాత్రివేళ ఒంటరిగా కూర్చుండరాదు.

చట్టమును అండగా కలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను ప్రకారము, స్త్రీ గౌరవమును కించపరచు ఉద్దేశముతో పలికిన మాటలకు మూడేండ్ల వరకు కారాగార శిక్షయు, జరిమానాయు కలవు. 351వ సెక్షను బెదిరింపులకు వర్తించును. పేరు దాచి బెదిరించిన వారికి అదనముగా రెండేండ్ల వరకు శిక్ష విధింపవచ్చును. ఫిర్యాదు చేయు భారము విద్యార్థిపై గాక నిర్వాహకులపై నుండవలెను.

ఫోను పెట్టివేయుట నిర్దయ యని కొందరందురు. మేమట్లు తలపము. ఒక దుష్టుడు గంటసేపు లైను నాక్రమించినచో, ఆ గంటలో నిజముగా ప్రాణముపై విరక్తి చెందినవాడు ప్రయత్నించి, లైను దొరకక వెనుదిరుగును. మనస్సు గాయపడిన సేవకురాలు మరునాడు రాకపోవచ్చును. కావున సేవకుల రక్షణ ఆర్తుల రక్షణయే. సహాయవాణిని ప్రారంభింపదలచు ప్రతి కళాశాలయు ఫోను సంఖ్యను ప్రకటించుటకు ముందే ఈ నియమములను వ్రాసి, సేవకుల చేతికీయవలెనని మా మనవి.