పేనుబంక మాటలు

మా నాన్నకి తిట్లు పెద్దగా రావు. అలాంటి మనిషి ఓ రోజు పత్తి చేలో ఆకు తిరగేసి చూపిస్తూ, ఊరి బయట కొట్టు పెట్టుకున్న ఒకాయన గురించి "వాడు పేనుబంకే అమ్మాయ్" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆకు పట్టుకున్న వేళ్ళు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే నల్లరేగడిలో పత్తి, మిరప వేసే వాళ్ళెవరికీ పేనుబంక గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆకు అడుగున, లేత కొమ్మల మీద గుంపులుగా చేరి రసం పీల్చే చిన్న పురుగు అది. పీలుస్తూనే తేనెలాంటి జిగటని విసర్జిస్తుంది. ఆ తీపికి చీమలు చేరతాయి. ఊరికే తినిపోవు, పేనుబంకని తినడానికొచ్చే అక్షింతల పురుగుని తరిమేసి కాపలా కాస్తాయి. కొన్నాళ్ళకి ఆ జిగట మీద మసిలాంటి బూజు పట్టి ఆకు నల్లబడుతుంది. పైనుంచి చూసేవాడికి మొదట్లో కనిపించేది ఆకు మీద నిగనిగే.

మనకి నూనె మాటలకి కొదవ లేదు. చమురు, జిడ్డు, జిగట, జిగురు, బంక, నునుపు దేనికదే. బెండకాయది జిగట, తుమ్మచెట్టుది బంక, పకోడీలు వేయించిన మూకుడుది జిడ్డు. ఇంగ్లీషులో నూనె కారే మనిషి అంటే పైకి తియ్యగా మాట్లాడే కపటి. మన జిడ్డుగాడు అలా కాదు. వాడు పొగడడు, వదలడు, అంతే. అప్పు అడగడానికొచ్చి మూడు గంటలు అరుగు మీద కూర్చుంటాడు. క్రికెట్లో బంతుల్ని తినేస్తూ వికెట్ ఇవ్వనివాడిదీ జిడ్డు బ్యాటింగే. జిడ్డుగాడితో విసుగే తప్ప మోసం లేదు. వాడికేం కావాలో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

అసలు నూనెని మనవాళ్ళు ఏనాడూ చెడ్డగా చూడలేదు. నువ్వుల నెయ్యే నూనె అయింది. నెయ్యం అంటే చెలిమి. సంస్కృతంలో స్నేహం అన్నా చమురనే అర్థం ఉంది, ఆయుర్వేదంలో స్నేహపానం అంటే మందు నెయ్యి తాగించడమే. గోంగూర పచ్చడి మీద నూనె తేలకపోతే చుట్టాలు చిన్నబుచ్చుకునే ఊళ్ళు మావి.

మరి పొగిడి పని చేయించుకునేవాడిని ఏమంటాం? కాకా పడుతున్నాడంటాం, ఐస్ చేస్తున్నాడంటాం, మస్కా కొడుతున్నాడంటాం. మస్కా అంటే హిందీలో వెన్న. పాతకాలం వాళ్ళు ఇచ్చకాలు అనేవారు. ఎదుటివాడి ఇచ్చ ఏమిటో చూసి దానికి తగ్గట్టు మాట్లాడటం. అన్నిట్లోకీ నాకు నచ్చింది మునగచెట్టు ఎక్కించడం. మునగ కొమ్మ చూడటానికి బాగానే ఉంటుంది, మనిషి బరువు పడితే పుటుక్కున విరుగుతుంది. ఎక్కించినవాడు కిందే ఉంటాడు.

మిరపకాయకీ మస్కా కొట్టేవాళ్ళున్నారు. రంగు తగ్గిన కాయకి నూనె పట్టిస్తే కొత్త కాయలా మెరుస్తుంది. 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనల్లో ఎండుమిర్చి మీద ఖనిజ తైలం పూత ఉండకూడదని రాసి ఉంది. కారంలో తినే నూనె కలుపుకోవచ్చు, అదీ 2 శాతం మించకూడదు, ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. నూనెది తప్పు కాదు, చెప్పకుండా పూయడమే తప్పు.

ఇక ఆ కొట్టాయన సంగతి. మిరప విత్తనాలకి నాన్న వెళ్తే లేచి కుర్చీ వేశాడట. టీ తెప్పించాడట. "నీ చెయ్యి పడితే రాయి కూడా కాస్తది బాబాయ్. ఈ రకం అందరికీ ఇవ్వటం లా, నీలాంటోళ్ళ కోసం పక్కన పెట్టా" అన్నాడట. నాన్న బిల్లు అడగబోతే "మన మధ్య బిల్లేంది బాబాయ్, నన్ను అంత పరాయోణ్ణి చేస్తివే" అని నొచ్చుకున్నాడు. ఇంకేం అడుగుతాడు! పైగా ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాడు. అమ్మ "అయితే కాగితం లేదన్నమాట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చేను ఏపుగా పెరిగింది. పూత రాలిపోయింది, కాయ నిలవలా. పక్క చేలల్లో కల్లాలు ఎర్రగా పరుచుకుంటుంటే మా కల్లంలో గోనెసంచులు మడత విప్పలేదు. ఫిర్యాదు చేద్దామని వెళ్తే అధికారి అడిగిన మొదటి ప్రశ్న "బిల్లేదీ? లాట్ నంబరున్న ప్యాకెట్ ఏదీ?" ఆ ఏడు కౌలు కట్టడానికి అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. కొట్టాయన అప్పుడూ మర్యాద తప్పలేదు. "నీకంటే ఎక్కువ నాకు బాధ బాబాయ్" అంటూ ఈసారి కుర్చీ తనే తుడిచాడట.

కొట్లో ఆ రోజు మరో ఇద్దరు రైతులు ఉన్నారు. ఆయన పొగుడుతుంటే వాళ్ళూ "నిజమేగా" అన్నారని నాన్న తర్వాతెప్పుడో చెప్పాడు. వాళ్ళకీ ఆ కొట్లో అరువుంది. చీమలు గుర్తొచ్చాయి నాకు.

మరుసటి ఏడు విత్తనాలకి నాన్నతో నేనూ వెళ్ళా, వేరే కొట్టుకి. అక్కడి కుర్రాడు "మీ చేను గురించి విన్నానండి, ఈ పక్కంతా మీ పేరే" అని మొదలెట్టాడు. నాన్న కాసేపు మీసం సర్దుకున్నాడు. "అట్నా? ఎవురన్నారు?" అని అడిగాడు కూడా. నేను ఆయన మోచెయ్యి గిల్లా.

"సర్లే, ముందు బిల్లు రాయి నాయనా" అన్నాడు.