రైల్లో పైతరగతి ఎవరికిస్తారు?

మార్కాపురం రోడ్డు స్టేషన్లో బెంగుళూరుకు స్లీపరు టిక్కెట్టు కొన్నారనుకోండి. బండి వచ్చేముందు ఫోనుకు కబురొస్తుంది, మీ బెర్తు ఏసీ పెట్టెలోకి మారిందని. డబ్బు కట్టమంటారేమోనని కంగారు పడకండి. పైసా అడగరు. ఇది 2006లో మొదలైన ఏర్పాటు.

విమానాలవాళ్ళు ఎన్నిసార్లు ఎక్కారో, ఎంత పెట్టి కొన్నారో చూసి మంచి సీటు ఇస్తారు. రైల్లో ఆ పెద్దరికం లేదు. చార్టు వేసేటప్పుడు పైతరగతిలో ఖాళీలుంటే, పూర్తి ఛార్జీ కట్టినవారిలోంచి కొందరిని కంప్యూటరే ఎంచుతుంది. మనం వదిలిన బెర్తు వెయిటింగు లిస్టులో ఉన్న ఇంకొకరికి పోతుంది. రైల్వేవారికి కావలసిందీ అదే! ఒకే టిక్కెట్టు మీద నలుగురుంటే, మారితే నలుగురూ మారతారు.

అయితే ఒక చిక్కుంది. గిద్దలూరు నుంచి మోకాళ్ళ నొప్పుల అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. అదృష్టం కొద్దీ కింది బెర్తు దొరికింది. మార్పులో ఆవిడకు పైబెర్తు రావచ్చు. చల్లగా ఉంటుంది సరే, ఆవిడ ఎక్కేదెట్లా? ఫారంలో అప్‌గ్రేడు కావాలా అని అడిగినచోట ఏమీ రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని అక్కడ "వద్దు" అని తప్పకుండా రాయండి.

మిగతావాళ్ళు ఎక్కేముందు పెట్టె నంబరు మళ్ళీ చూసుకోండి. పాత బెర్తు మీద అప్పటికే ఎవరో దుప్పటి పరిచేసి ఉంటారు.